ప్లానులో లేని సుయుంచు

నా ప్లానంటే నాకు పిచ్చి. దాచుకోవడం దేనికి? పదిహేనేళ్లుగా ఆఫీసులకీ ఆసుపత్రులకీ కరెంటు కేంద్రాలకీ వెళ్లి, అక్కడికి దొంగ ఎటునుంచి రాగలడో కనిపెట్టి చెప్పడమే నా పని. ఈ కాలం దొంగ గోడ దూకడు, కంప్యూటర్లోంచి వస్తాడు. అందుకని నేను మా రాజధాని బిష్కెక్ నుంచి బయల్దేరేముందే ఏ రోజు ఏ గది చూడాలో, ఎవర్ని ఏం అడగాలో, ఏది ఎంత ప్రమాదమో కాగితం మీద పెడతాను. దాని మీద మూడు ముద్రలు పడతాయి. ముద్రలు పడ్డాక అందులో ఒక్క అక్షరం కదిపినా ఊరుకోను. మా ఆఫీసులో నా వెనక నన్ను 'ఇనప కాగితం' అంటారని తెలుసు. విని సంతోషించాను కూడా.

అక్టోబరు మొదట్లో చోంసాయ్ పట్నంలో వేడినీళ్ల కేంద్రం తనిఖీకి వెళ్లాను. మూడు వేల ఇళ్లకి గొట్టాల్లో వేడినీళ్లు పంపేది ఆ కేంద్రమే. చోంసాయ్‌లో జనవరి అంటే సున్నాకి ముప్పై డిగ్రీల కింద. పెద్ద వాల్వు రెండు గంటలు మూసుకుపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి, గొట్టాలు పగిలి, పట్నమంతా దుప్పట్లు కప్పుకుని ఏడవాల్సిందే. ఆ వాల్వుని నిరుడు దాకా చేత్తో తిప్పేవాళ్లు. ఈ ఏడు కంప్యూటరు పెట్టారు. పదిహేనో తారీఖున వేడి మొదలుపెట్టాలి. నేను సంతకం పెడితేనే కంప్యూటరుకి వాల్వు అప్పగిస్తారు.

డైరెక్టరు కెరిమ్‌బెక్ గారు గేటు దాకా వచ్చి తీసుకెళ్లారు. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, మనిషి మంచివాడు.

"ఎన్ని రోజులు కుముషాయ్ గారూ?"

"ఐదు. మొదటిరోజు తలుపులు, రెండోరోజు పాస్‌వర్డులు, మూడోరోజు యంత్రాలు, నాలుగోరోజు కంచె, కెమెరాలు, ఐదోరోజు నివేదిక. అన్నీ ప్లానులో ఉన్నాయి."

"మూడు ముద్రలే!" అని ఆయన కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. ముద్రలకి విలువిచ్చే మనిషని నాకు అప్పుడే నచ్చారు. అదే ముద్రల విషయంలో ఆయనతో గొడవ పడతానని అనుకోలేదు.

తలుపులు బాగానే ఉన్నాయి. రెండోరోజు మూడో అంతస్తులో కంట్రోల్ రూంకి వెళ్లాను. అక్కడ జూరా అక్క కూర్చుని ఉంది. యాభై ఏడేళ్ల మనిషి, ఆ గదిలో ఇరవై తొమ్మిదేళ్లుగా డ్యూటీ. పట్నంలో ఏ వీధికి ఎంత వేడి వెళ్లాలో చూసేది, పెద్ద వాల్వు తిప్పేది ఆవిడే. పింఛను రావడానికి ఇంకో ఏడాది ఉంది. నన్ను చూడగానే లేచి, పాలు పోసిన టీ గిన్నెలో ఒంపి, నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోకుల పళ్లెం ముందుకి తోసింది.

"తినమ్మాయ్. ఊళ్లు తిరిగే ఉద్యోగం, బక్కచిక్కిపోయావ్."

బోర్సోకులు వెచ్చగా ఉన్నాయి. నాలుగు తిన్నాను. తింటూనే చూశాను, పాస్‌వర్డు రాసిన కాగితం టేబుల్ అద్దం కింద దర్జాగా పడుకుని ఉంది.

"అక్కా, ఇదేమిటి?"

"పాస్‌వర్డు."

"అది తెలుస్తోంది. ఇక్కడెందుకుంది?"

"మరెక్కడుండాలి? నెలకోసారి మార్చమంటారు, పద్నాలుగు అక్షరాలంటారు. నేనేమన్నా రేడియోలో పాట పాడేదాన్నా కంఠతా పట్టడానికి?"

అంతటితో ఆగలేదు. పెద్ద వాల్వు తెరవమనో మూయమనో కింద ఇంజనీర్లు ఫోన్ చేస్తే ఆవిడ వినదట. మెసేజ్ పంపినా వినదట. "మెట్లెక్కి రా, నా ఎదురుగా నిలబడి చెప్పు" అంటుందట. ఒక్కో ఆదేశానికీ సగటున పన్నెండు నిమిషాలు ఆలస్యం. పంపుల ఇంజనీరు ఎర్మెక్ తల పట్టుకుని, "నా మోకాళ్లు అరిగిపోతున్నాయండీ" అని నాకు ఫిర్యాదు చేశాడు.

సాయంత్రం గదికెళ్లి రాశాను. 'కంట్రోల్ రూం ఉద్యోగిని కొత్త పద్ధతులు పాటించడం లేదు. ఆదేశాల అమలులో అనవసర జాప్యం. వేరే పనికి మార్చాలని సూచన.' రాయడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాడు పొద్దున్నే రెండోరోజు కాగితం డైరెక్టరు టేబుల్ మీద పెట్టాను. ప్లాను ప్రకారం ఏరోజు కాగితం మర్నాటికల్లా ఇచ్చెయ్యాలి మరి. ఆయన చదివి నిట్టూర్చారు.

"ఆవిడ మంచి మనిషేనండీ. కానీ మీరు రాశాక నేనేం చేస్తాను? సోమవారం నుంచి గిడ్డంగిలో వేస్తాను. నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకుంటుంది."

నేను తలూపాను. ఆ మధ్యాహ్నం జూరా అక్క మళ్లీ టీకి పిలిస్తే వెళ్లాను కూడా. తాగాను. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

టీ తాగి కిందికి దిగుతుండగా ఫోన్ మోగింది. బిష్కెక్ నుంచి తిలెక్. నా ఆఫీసులో నా ఎదురు టేబుల్. పదేళ్లుగా నన్ను ఆటపట్టించడమే అతని రెండో ఉద్యోగం.

"సుయుంచు! కుముషాయ్, సుయుంచు!"

శుభవార్త తెచ్చినవాళ్లు వేసే కేక అది. గుండె ఒక్కసారి ఎగిరింది. "అడుగు, ఇస్తా! ఏం కావాలి?"

"నిజంగా ఇస్తావా?"

"ఇస్తానన్నాగా! ఏడిపించక చెప్పు, ఏమిటి?"

"ఏమీ లేదు. పప్పులో కాలేశావు, అంతే. ఇప్పుడు కూర్చుని నేను చెప్పేది విను."

మెట్ల మీదే కూర్చున్నాను. అతని గొంతులో నవ్వు పోయింది. వారంలో రెండు పట్నాల్లో మంచినీళ్ల ఆఫీసులు దెబ్బతిన్నాయి. ఉద్యోగుల ఫోన్లకి తెలిసినవాళ్ల నంబరు నుంచి, తెలిసినవాళ్ల గొంతుతోనే మాట వచ్చింది. 'సుయుంచు! ఏమిస్తావో చెప్పు!' అంతే. విన్నవాళ్లు 'అడుగు, ఇస్తా' అన్నారు. వెంటనే ఒక లింకు వచ్చింది, 'ఇదిగో ఫొటో చూడు' అని. నొక్కారు. ఫోను దొంగ చేతికి పోయింది, ఫోనులోంచి ఆఫీసు కంప్యూటర్లలోకి దూరాడు. మూడు రోజులు తాళాలు పడి కూర్చున్నాయట.

"గొంతు ఎలా వచ్చింది?"

"దొంగిలించారు. గొంతు తయారుచేసే యంత్రాలు వచ్చాయి కదా. పెళ్లి వీడియోల్లోంచి రెండు నిమిషాలు దొరికితే చాలట."

ఒక్కసారి ఆలోచించి చూడండి, మా సుయుంచు ఎంత భయంకరమైన ఏర్పాటో. మంచి వార్త తెచ్చినవాడు వార్త చెప్పడు. ముందు 'సుయుంచు!' అని కేకేస్తాడు. వాడికి కానుక ఇస్తానని మనం మాటివ్వాలి. ఆ మాట పడ్డాకే మనవడు పుట్టాడనో, పోయిన గుర్రం దొరికిందనో చెబుతాడు. ఏమిటని ముందే అడిగితే పిసినారి కింద లెక్క. అంటే ఏం వస్తుందో తెలియకుండానే తలుపు తీస్తామని పుట్టినప్పటి నుంచి నేర్చుకుంటున్నాం. పదిహేనేళ్లుగా ప్రమాదాల జాబితాలు రాస్తున్న నాకు ఇది ఒక్కసారి కూడా తట్టలేదు. తట్టకపోగా ఇప్పుడు నేనే పడ్డాను.

నేరుగా డైరెక్టరు గదికి వెళ్లాను.

"ప్లాను మార్చాలండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏ ప్లాను?"

"నా ప్లానే."

"ముద్రలు పడ్డాయి కదండీ. మూడు."

"తెలుసు. కానీ కొత్త ప్రమాదం వచ్చింది. ప్లాను రాసినప్పుడు ఇది లేదు. నేను రేపు కంచెకి ఎన్ని కెమెరాలున్నాయో లెక్కపెట్టాలి. దొంగ కంచె దగ్గరికి రావడం మానేశాడు. ఫోన్లో వస్తున్నాడు."

అంతా చెప్పాను. ఆయన పకపకా నవ్వారు.

"సుయుంచు చెప్పి దొంగతనమా? అది వేరే ఊళ్లలో అయ్యుంటుంది. మావాళ్లు పడరు. ఎవడు పడితే వాడు సుయుంచు అంటే గంతులేసే పిల్లలమా మేము?"

"సరే, మీవాళ్లు పడరని నేనే రాసి సంతకం పెడతాను. పరీక్ష పెట్టి చూశాక."

"నిన్నటిదాకా ప్లాను ప్లాను అని నా చెవిలో జోరీగలా తిరిగారు. ఇవాళేమో..." అని ఆయన ఆగిపోయారు. నా ముఖం చూసి మిగతా మాట మింగినట్టున్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఎవరన్నా నా దగ్గరికొచ్చి ముద్రపడ్డ ప్లాను మారుస్తానంటే నేను ఇంతకంటే ఘోరంగా మాట్లాడేదాన్ని.

మా పెద్దాఫీసుకి ఫోన్ చేశాను. వాళ్లు మూడే మాటలడిగారు. ఏం చేరుస్తున్నావు, దానికి బదులు ఏం తీసేస్తున్నావు, తీసేసినదాని వల్ల ఏమవుతుంది? కంచె తీసేస్తున్నా, కంచె వచ్చే వేసవిలో చూసినా కొంప మునగదు, ఇది జనవరిలో వస్తే మునుగుతుంది అన్నాను. కాగితం మీద రాసి పంపు, ఐదు రోజులు మాత్రం దాటొద్దు అన్నారు. ఆ సాయంత్రం పాత జాబితా ముందేసుకుని ఒక్కో ప్రమాదాన్నీ మళ్లీ తూచాను. కంచె కిందికి దిగింది. తలుపులు దిగాయి. అన్నింటికంటే పైన 'సుయుంచు' అని రాశాను. రాస్తుంటే చెయ్యి సిగ్గుపడింది. మా అమ్మ ఉంటే చెవి మెలిపెట్టేది.

పరీక్షకి ఒక గొంతు కావాలి. అసలు దొంగలు గొంతు దొంగిలిస్తారు, నేను అడిగి తీసుకుంటాను. ఎర్మెక్‌ని అడిగాను. ముప్పై నాలుగేళ్ల వాడు, చలాకీ, అందరికీ ఇష్టం. వాడు నవ్వుతూ ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "సుయుంచు! సుయుంచు! ఏమిస్తారో ముందు చెప్పండి!" అని కేకేశాడు. దాని వెనక నేనొక లింకు తగిలించాను. అది నొక్కితే ఏమీ కాదు, ఎవరు నొక్కారో నా కంప్యూటర్లో ఒక గీత పడుతుంది, అంతే. మర్నాడు ఉదయం పదింటికి వాడి ఫోన్లోంచే మొత్తం నలభై ఒక్క మందికి పంపాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఎర్మెక్‌కి ఇంకా పెళ్లి కాలేదు. ఎనిమిదేళ్లుగా ఆ కేంద్రంలో ఉన్నవాళ్లందరూ వాడి పెళ్లి కోసం ఎదురు చూస్తున్నారు.

పదీ పది కల్లా ఇరవై గీతలు పడ్డాయి. పదిన్నరకి ముప్పై ఐదు. జవాబులు వేరే. ఒకడు కారుకి కొత్త టైరు ఇస్తానన్నాడు. అకౌంట్స్ ఆవిడ తన పట్టు శాలువా ఇస్తానంది. కెరిమ్‌బెక్ గారి గొంతైతే పక్కగదిలోంచీ ఫోన్లోంచీ కలిసి వినిపించింది, "ఒరేయ్ ఎర్మెక్, గొర్రె ఇస్తారా! బలిసిన గొర్రె! అమ్మాయెవర్రా?"

పదకొండింటికి అందరూ పనులాపి పంపుల గది ముందు గుమిగూడారు. ఎర్మెక్ గోడకి అతుక్కుపోయి నావైపు దీనంగా చూస్తున్నాడు. నేను నోరు తెరవబోయేంతలో గేటు దగ్గర సందడి. ఎర్మెక్ వాళ్లమ్మ వచ్చింది, నెత్తిన కొత్త రుమాలు కట్టుకుని, చేతిలో బోర్సోకుల బుట్టతో. ఎవరో అప్పుడే ఆవిడకి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పారట.

ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూడగానే నా తలకాయ తీసేసినంత పనైంది. ప్లానులో ఇది లేదు. యంత్రాలకి ఏమవుతుందో ఆలోచించాను, మనుషులకి ఏమవుతుందో ఆలోచించలేదు.

"తప్పు నాది," అన్నాను గట్టిగా. "ఇది పరీక్ష. పెళ్లీ లేదు, ఏమీ లేదు. ఎర్మెక్ నేను అడిగితే చేశాడు."

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"సుయుంచుతో ఆడుకుంటారా ఎవరన్నా!"

"అబద్ధపు సుయుంచు చెప్పినవాళ్లకి మంచి జరగదు, తెలుసా నీకు?"

"బిష్కెక్‌వాళ్లకి ఏం తెలుస్తుందిలే. వాళ్లకి అన్నీ కాగితాలే!"

చెప్పనిచ్చాను. వాళ్ల కోపం న్యాయమైనదే. గొంతులు అలిశాక రెండు పట్నాల సంగతి చెప్పాను. కంప్యూటర్లకి తాళాలు పడ్డ సంగతి చెప్పాను. జనవరిలో ఇదే లింకు నిజమైన దొంగ పంపితే పెద్ద వాల్వు ఎవరి చేతిలో ఉంటుందో అడిగాను. అందరూ నేల చూశారు. "మిమ్మల్ని అనడానికి నాకు నోరు లేదు. నిన్న మా తిలెక్ నాకు ఫోన్ చేసి ఇదే కేక వేస్తే, 'అడుగు, ఇస్తా' అని నేనే ముందు అన్నాను. జాబితాలో మొదటి పేరు నాదే," అని కూడా చెప్పాను.

ఎర్మెక్ వాళ్లమ్మ బుట్ట కింద పెట్టింది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఈవిడది అబద్ధమే. దీన్ని నిజం చెయ్యడానికి నీకేం రోగం?"

అందరూ గొల్లున నవ్వారు. ఎర్మెక్ చెవులు ఎర్రబడ్డాయి. బోర్సోకులు ఎలాగూ వచ్చాయి కాబట్టి తినేశారు. నాకూ రెండు పెట్టారు, తిట్టుకుంటూనే.

మధ్యాహ్నం గీతలు లెక్కపెట్టాను. నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది. మిగిలిన ముగ్గురిలో ఒకడు సెలవు పెట్టి సిగ్నలు లేని కొండమీద పశువుల దగ్గరున్నాడు. ఒకడి ఫోను పగిలి రిపేర్లో ఉంది. మూడోపేరు జూరా అక్క.

ఫోను చూసి ఉండదులే అనుకున్నాను. చూస్తే తప్పకుండా నొక్కే మనిషి. టేబుల్ అద్దం కింద పాస్‌వర్డు పెట్టుకునే మనిషి మరి. మెట్లెక్కాను.

"అక్కా, పొద్దున ఎర్మెక్ మెసేజ్ రాలేదా మీకు?"

"వచ్చింది. విన్నాను."

"మరి?"

"'ఇస్తా నాయనా, వచ్చి తీసుకో' అని చెప్పి, టీ పెట్టి కూర్చున్నాను. సొరుగులోంచి కొత్త రుమాలు కూడా తీశాను వాడికివ్వడానికి. వెధవ రాలేదు."

"లింకు కూడా వచ్చింది కదా. నొక్కలేదేం?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "సుయుంచు ఫోన్లో తీసుకుంటారా ఎవరన్నా? వార్త తెచ్చినవాడు పరిగెత్తుకు రావాలి, ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడాలి, వాడి ముఖం నేను చూడాలి. అప్పుడు కదా చేత్తో ఇచ్చేది. ఇంట్లో కూర్చుని గుండీ నొక్కేవాడికి కానుకేమిటి, వాడేం కష్టపడ్డాడని?"

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇదంతా సుయుంచు తప్పనుకున్నాను. నివేదికలో 'ఆఫీసులో సుయుంచు నిషేధం' అని రాయడానికి సిద్ధమైపోయాను కూడా. తప్పు సుయుంచుది కాదు, మేము దాన్ని సగం వదిలేసి సగం ఉంచుకున్నాం. మాటివ్వడం ఉంచుకున్నాం, మనిషి రావడం వదిలేశాం. ఈవిడ ఒక్కతే మొత్తం ఉంచుకుంది.

"వాల్వు సంగతి కూడా అందుకేనా?" అన్నాను.

"ఏ సంగతి?"

"మనిషి ఎదురుగా వచ్చి చెబితేనే తిప్పడం."

"ఇరవై ఏళ్లయింది. అప్పటి ఇంజనీరు గొంతుతో ఫోనొచ్చింది, మరమ్మత్తు ఉంది, వాల్వు మూసెయ్యమని. మూశాను. తాగిన స్నేహితుడెవడో ఆయన గొంతు అనుకరించాడట, నవ్వులాటకి. శిశువిహారం గొట్టాలు పగిలాయి. పిల్లల్ని కోట్లలో చుట్టి ఇళ్లకి మోశారు. అప్పటినుంచి గొంతుని నమ్మను. ముఖం కావాలి నాకు."

దొంగ గొంతుల సంగతి తిలెక్ నాకు ఎంతో కొత్తగా చెప్పాడు. ఈ గదిలో అది ఇరవై ఏళ్ల పాత వార్త. ఆ పన్నెండు నిమిషాల్ని నేను 'అనవసర జాప్యం' అని రాశాను.

ఐదోరోజు పొద్దున డైరెక్టరు గదిలో కూర్చున్నాను. ఆయన టేబుల్ మీద జూరా అక్క గిడ్డంగి ఆదేశం టైపు చేసి ఉంది. సంతకం ఒక్కటే బాకీ. ఆయన నా జాబితా చూస్తున్నారు.

"ముప్పై ఎనిమిది మంది పేర్లూ పైకి వెళ్లాలంటారా?" అన్నారు గుటక మింగి.

"వెళ్లాలి మరి."

"నా పేరు కూడానా?"

"మూడో నిమిషంలో నొక్కారు. గొర్రెతో సహా ఉంది."

"చెల్లెమ్మా, కాస్త ఆలోచించు."

'కుముషాయ్ గారు' పోయి 'చెల్లెమ్మ' వచ్చింది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "పద్ధతులు పాటించని ఉద్యోగిని వేరే పనికి మార్చాలని రెండోరోజు రాశాను. అదే తూకం అందరికీ వెయ్యాలి. ముప్పై ఎనిమిది మందినీ గిడ్డంగికి పంపాలి. మీతో మొదలుపెడదామా? నట్లూ బోల్టులూ బోలెడున్నాయట."

ఆయన నోరెళ్లబెట్టారు. తర్వాత పొట్ట ఊగేలా నవ్వారు. నవ్వు ఆగాక ఆ ఆదేశాన్ని రెండుగా చింపి, నాలుగుగా చింపి, బుట్టలో వేశారు.

నేను రెండోరోజు కాగితం తీసి నా వాక్యం నేనే కొట్టేశాను. ఒకసారి ఇచ్చేసిన కాగితం మీద నా చేత్తో అడ్డగీత గీయడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. కింద ఇలా రాశాను. 'కంట్రోల్ రూం ఉద్యోగిని జూరా పాటిస్తున్న నియమమే కేంద్రమంతటికీ నియమం. పెద్ద వాల్వు ఆదేశమైనా, శుభవార్త అయినా, మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి. ఫోన్లో వస్తే జవాబు ఒక్కటే: వచ్చి తీసుకో.' కంప్యూటరుకి వాల్వు ఇవ్వొచ్చు, కానీ పక్కన జూరా అక్క ఉండాలని రాసి సంతకం పెట్టాను. పాస్‌వర్డు కాగితం గురించి మాత్రం వదల్లేదు. 'టేబుల్ అద్దం కింద ఉంచరాదు' అని అలాగే ఉంచాను. మంచిచోట మంచి, చెడ్డచోట చెడ్డ.

పేర్లు పైకి పంపలేదు, అంకె ఒక్కటే పంపాను.

ఇక జూరా అక్కకి చెప్పాలి. డైరెక్టరు ఫోనందుకున్నారు. "ఉండండి," అన్నాను. "నేను వెళ్తాను."

మూడంతస్తులు. నాకు నలభై నాలుగేళ్లు, నాలుగు రోజులుగా బోర్సోకులు తింటున్నాను. ఉన్న కాస్త ఊపిరితో మెట్లు రెండేసి ఎక్కాను. గుమ్మం పట్టుకుని నిలబడి రొప్పుతూ అరిచాను.

"సుయుంచు! జూరా అక్కా, సుయుంచు!"

ఆవిడ ఊలు మేజోళ్లు అల్లుతోంది. సూదులు పక్కన పెట్టి లేచి నిలబడింది. ఏమిటని అడగలేదు.

"అడుగు, ఇస్తా."

చెప్పాను. ఈ గది మీదేనని, గిడ్డంగి లేదని, ఇకమీద అందరూ మీరు చెప్పినట్టే మెట్లెక్కి రావాలని. ఆవిడ కళ్లు తడి అయ్యాయి. రుమాలు అంచుతో అద్దుకుంది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఐదు రోజుల్లో నేను చేసిన సరైన పని ఇదొక్కటే అనిపించింది.

"మంచి వార్త తెచ్చావు," అంది. "చల్లగా ఉండు."

తర్వాత కూర్చుని నన్ను తిన్నగా చూసింది.

"మరి గిడ్డంగికి పంపమన్న వార్త నాకెవరు తెచ్చారో తెలుసా? టైపు చేసే పిల్ల ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూ చెప్పింది పాపం. రాసింది నువ్వు. ఆ మధ్యాహ్నం ఇదే కుర్చీలో కూర్చుని నా టీ తాగి వెళ్లావు. మంచి వార్తకి మెట్లెక్కడం ఎవరికైనా వస్తుంది పిల్లా."

ఆవిడ గొంతులో కోపం లేదు, అదే బాధగా ఉంది.

"తప్పయింది అక్కా," అన్నాను. "భయపడ్డాను. కాగితం ఉందిగా, అదే చెబుతుందిలే అనుకున్నాను."

"ఊఁ. ఇప్పుడు ముఖాన చెప్పావు. చాలు."

టీ ఒంపింది. మాటిచ్చింది కాబట్టి కానుక ఇచ్చితీరాలంది. వద్దంటే కసిరింది, ఇవ్వడం తన పని, కాదనడానికి నేనెవర్నని. అల్లుతున్న మేజోళ్లు ఎత్తి చూపించింది. ఒకటి పూర్తయింది, రెండోది మడమ దగ్గరుంది.

"అయ్యేదాకా కూర్చో. ఒంటికాలికి తొడుక్కుని పోతావా?"

కూర్చున్నాను. సంచీలోంచి నా ప్లాను తీసి, వచ్చే తనిఖీలకి కూడా వాడే మొదటి పేజీ మీద ఒక వాక్యం చేర్చాను. ఆవిడ సూదుల మీదనుంచి తల ఎత్తింది.

"మళ్లీ ఏం రాస్తున్నావ్ నా గురించి?"

"నా గురించే," అని చదివి వినిపించాను. "ఎవరి మీద ఏం రాసినా, కాగితం పైకి వెళ్లేముందు తనిఖీ చేసినవాళ్లు ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాలి."

"టీ తాగేముందు అని కూడా రాయి," అంది.

రాశాను. మడమ తిప్పడం ఆవిడ చాలా నెమ్మదిగా చేస్తుంది. రెండో మేజోడు పూర్తయ్యేసరికి బిష్కెక్ బస్సు వెళ్లిపోయింది. నాకేం తొందరనిపించలేదు.